పదునుగా తిరిగొచ్చిన ఉలి

కొలిమి తాత పోయాడని నాకు మడకశిర బస్టాండులో ఒక కండక్టరు చెప్పాడు. నేను బస్సు మెట్టు మీద కాలు పెట్టాను. ఆయన టికెట్ల కట్ట మీద నుంచి తల ఎత్తి, "ఏమ్మా, మీ కొల్మాయన పోయినాడంట కదా. మూడు దినాలాయె. నీకు చెప్పి పంపల్లంటే యాడుంటావో ఎవురికీ తెల్ల్యా" అన్నాడు.

పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. రాతి క్వారీలో ఉలులకు పదును పెట్టే కమ్మరి. మీలో చాలామంది ఆయన్ను చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. పొట్టిగా, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలతో, ఎడమ చేతికి మూడే వేళ్ళతో ఉండేవాడు. ఆ రెండు వేళ్ళు పోవడంలో నా తప్పు ఉంది. ఒక మనిషి ప్రాణం పోవడంలోనూ ఉంది. తాత ఆ సంగతి తెలిసీ నన్ను చివరి దాకా పాపా అనే పిలిచాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగాను. అక్కడే కాన్వెంటులో చదువుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయ్యాక, మడకశిర దగ్గర ఒక గ్రానైటు కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పనిలో చేరాను. నల్లరాతిని పలకలుగా కోసి, మెరుగు పెట్టి ఓడల్లో పంపేవాళ్ళు. పరదేశాల్లో వాటిని సమాధుల తల దగ్గర నిలబెట్టి పేర్లు చెక్కించుకుంటారు. కంపెనీకి సొంత క్వారీ లేదు. చుట్టూ ఉన్న గుట్టల్లో కంట్రాక్టర్లు తీసే రాయిని దిమ్మెలుగా కొనేది.

ఆ సంవత్సరం పలకలు కొనేవాళ్ళు ఒక షరతు పెట్టారు. రాయి తీసే చోట మనుషుల్ని బంధించి పని చేయించకూడదని, కంపెనీ తానే వెళ్ళి చూసి రావాలని. చూడడానికి బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఆమెకు తెలుగు రాదు. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు ఎండిపోతుంది. అయినా మాటలు అటూ ఇటూ చెప్పడానికి మేనేజరు నన్నే వెంట పంపాడు.

ఆ క్వారీ కన్నడ దేశపు సరిహద్దు మీద ఉంది. గుట్టకు ముందు వైపు ఒక గుంత. అందులో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పని చేసేవారు. నాలుగేళ్ళుగా వానలు లేక వేరుశెనగ పంట ఎండిపోయి, రైతులే కూలికి వచ్చేవారు. రాతిలో దట్టించిన మందు పేలినప్పుడల్లా గుట్ట మొత్తం వణికేది. పేలాక ఎవరి తల పగిలిందో, ఎవరి కాలు నలిగిందో చూసుకుని మళ్ళీ దిగేవారు. గుట్ట వెనక ఏముందని మేడమ్ అడిగితే మేస్త్రి, "ఏమీ ల్యా మేడం, ముండ్ల కంప" అన్నాడు. కంట్రాక్టరు ఊళ్ళో ఉండేవాడు. క్వారీలో ఆయన చెయ్యీ నోరూ ఈ మేస్త్రే.

కొలిమి రెండు వైపులకూ మధ్యన, రేకుల పందిరి కింద ఉండేది. తాత అక్కడ తిత్తి ఊదుతూ కూర్చుని ఉన్నాడు. "ఇక్కడ అందరూ తమ ఇష్టంతోనే పని చేస్తున్నారా, అడుగు" అన్నారు మేడమ్. అడిగాను. మేస్త్రి నా భుజం వెనకే నిలబడి ఉన్నాడు.

తాత ఉలులు ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు.

"ఇదో పాపా, దీని తలకాయ కాడ రెండు గాట్లు. ఇది ఊళ్ళోవాని ఉలి. ఎవుని గాటు వానిది, ల్యాకుంటే కొట్టుకుంటారు. ఇట్లాంటివి నాలుగు దినాలకోసారి నా తాకు వస్తాయి. ఈ పక్కన పెట్టినాను చూడు, ఇవి దినామూ వస్తాయి. ఆదివారం ల్యా, అమాస ల్యా. ఇదో, మూడు గాట్లది, దీని తల ఎడం పక్కకు చితికినాది, ఎడమ చేతోడు. వాని మొగం నేను ఎరగను. దినామూ వచ్చే ఉలికి ఇల్లు ల్యాదు పాపా. ఆయమ్మకు చెప్పు. ఇట్లే చెప్పు."

కాన్వెంటులో సిస్టరు మాకు ప్రెసీ నేర్పేది. ఎంత పెద్ద పేరా ఇచ్చినా సారం పట్టుకుని మూడో వంతుకు కుదించాలి. ఉదాహరణలు తీసెయ్యాలి, చెప్పిందే మళ్ళీ చెబితే కొట్టెయ్యాలి. అందులో ప్రతి ఏడూ బహుమతి నాకే వచ్చేది. ఆ రోజు కూడా అదే పని చేశాను. ముసలాయన పని గురించి మురిపెంగా చెప్పుకుంటున్నాడు అనుకున్నాను. మేడమ్‌తో ఇంగ్లీషులో, "కొన్ని ఉలులు త్వరగా మొద్దుబారతాయట, కొన్ని ఆలస్యంగానట. ఫిర్యాదు ఏమీ లేదు" అన్నాను. ఆమె రాసుకున్నారు.

తాత నా ముఖం చూశాడు, తరువాత మేడమ్ కలం చూశాడు. ఆ కలం అంత తొందరగా ఆగిపోయిందేమిటన్నట్టు. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. కానీ తాత తెలుగులో అన్నది అతనికి పూర్తిగా అర్థమైంది.

పది రోజుల తరువాత, మేడమ్ బొంబాయి నుంచి పంపిన కాగితాల మీద మేస్త్రి వేలిముద్ర తీసుకురమ్మని మేనేజరు నన్ను జీపులో పంపాడు. మేస్త్రి గుంతలో ఉన్నాడు. నేను కొలిమి దగ్గర ఆగాను. తాత పట్టకారును ఎడమ ముంజేతికి తువాలుతో కట్టుకుని పని చేస్తున్నాడు. ఆ చెయ్యి మూట కట్టి ఉంది. మూట నుంచి చీము వాసన వస్తోంది.

"ఏమైంది తాతా?"

"నా మాట యాడ పెట్టినావు పాపా?" అన్నాడు. అరవలేదు. "ఆయమ్మకు నాలుగు ముక్కలు చెప్పినావు. నేను చెప్పింది శానా ఉండె కదా."

మేడమ్ జీపు కనుమరుగయ్యేదాకా మేస్త్రి చెయ్యి ఊపి పంపాడట. ఆ తరువాత ఇద్దరు తాతను పట్టుకున్నారు. ఎడమ చేతిని, ఆయన ఇనుము పెట్టి కొట్టే దాగలి మీదే పరిచారు. మేస్త్రి సమ్మెట తీసుకున్నాడు. "ఎంత తెలివో చూడు వానికి. 'కుడి చెయ్యి వద్దురా, పని ఆగిపోతాది. పట్టకారుకు మూడు వేళ్ళు చాలు' అన్నాడు. చిన్నేలు, దాని పక్కదీ చూసి కొట్టినాడు. గురి శానా మంచిది లే."

నవ్వబోయాడు. నేను ఏడవడం చూసి ఆపేశాడు. బూడిదలో కాలుతున్న శెనక్కాయలు నాలుగు పట్టకారుతో తీసి నా ముందు దొర్లించాడు. "తిను. నేను చెప్తా, నువ్వు ఇను. ఈ తూరి తగ్గించకుండా."

గుట్ట వెనక ఇంకో గుంత ఉంది. ఒడిశా నుంచి లారీలో తెచ్చిన మనుషులు అందులో పని చేస్తారు. ముందుగా ఇచ్చిన దుడ్లు తీరే దాకా కదలకూడదన్నది కంట్రాక్టరు మాట. అది ఎప్పుడు తీరుతుందో చెప్పేది కూడా కంట్రాక్టరే. రాత్రి రేకుల షెడ్డులో పెట్టి బయట తాళం వేస్తారు. పొద్దు గూకగానే టైరు చెప్పులు లాగేసుకుంటారు, ఆ కంపలో పరుగెత్తకుండా. తాతను అటు పోనివ్వరు. వాళ్ళ ఉలులు మాత్రం పొద్దున్నే ఇనుప తట్టలో ఆయన దగ్గరకు వస్తాయి.

ఆ ఉలుల వల్లే తాతకు వాళ్ళందరూ తెలుసు. భయంతో కొట్టేవాడి ఉలి మూల పగులుతుంది. ఒకరి ఉలికి రోజూ నెత్తురు. ఒకటి ఆడమనిషిది, పట్టు చోట నారతో చుట్టుకుంది. ఆమె కోసం తాత ఆ ఉలిని కొట్టి కొంచెం తేలిక చేసి పంపాడు. మర్నాడు ఆ నారకు ఒక బంతి రేకు గుచ్చి వచ్చిందట.

"నువ్వు వచ్చిన దినం పద్నాలుగు ఉలులు పాపా. ఇప్పుడు పదమూడు."

"ఒకటి విరిగిందా?"

"ఇరిగేది నా తాకే వస్తాది." చూరులోంచి ఒక ఉలి తీశాడు. మూడు గాట్లు. తల ఎడమ పక్కకు చితికి ఉంది. "నేను పదును పెట్టి పంపినా. మర్నాడు పొద్దున తట్టలో తిరిగొచ్చె. చూస్తే ఎట్ల పంపినానో అట్లే ఉండె, పదునుగా. ఎవురూ కొట్టలేదు దాంతో. మళ్ళా పంపితి. మళ్ళా అట్లే వచ్చె. మూడు దినాలు చూసి, నా తాకే పెట్టుకున్యా."

మేము వచ్చి వెళ్ళాక ఆ ఎడమచేతివాడు పట్టపగలు, మందు పేలిన పొగలో కంప దాటి పరుగెత్తాడు. రోడ్డు కనిపించే దాకా వెళ్ళాడు. మేస్త్రి మనుషులు అతన్ని కాళ్ళకు తాడు కట్టి, రాళ్ళ మీదుగా ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చారు. మిగిలిన పదమూడు మందినీ వరుసగా నిలబెట్టి, వాళ్ళ ముందే సమ్మెట కర్రతో అతని మోకాళ్ళూ పక్కటెముకలూ విరగ్గొట్టారు. మర్నాటి దాకా ప్రాణం ఉంది. నీళ్ళు ఇచ్చిన వాళ్ళను కూడా కొట్టారు. ఇదంతా తరువాత ఆ పదమూడు మంది చెప్పింది, తాతకు అప్పటికి తెలియదు. కేకలు మాత్రం విన్నాడు. పదునుగా తిరిగొచ్చిన ఉలిని బట్టి మిగతాది అర్థం చేసుకున్నాడు.

"నేను ఏం చెయ్యాలి తాతా?"

"అమాస ఎన్ని దినాలుండాది?"

"ఐదు."

"ఆ దినం ఆయమ్మను పొద్దు పొడిచేసరికి ఈడికి రమ్మను. అమాస నాడు రాతి పనోడు ఎవుడూ ఉలి ముట్టడు. మా వంశంలో ఎవుడూ కొలిమి ముట్టించలేదు. నన్ను కొట్టి ముట్టిస్తాండారు. ఆ దినం ఈ గుట్టన ఉలి చప్పుడు ఇనపడితే, అది ఇంటికి పోలేనోని చప్పుడే."

ఆఫీసుకు వచ్చి మేనేజరుకు చెప్పాను. ఆయన, "రాయి బాగుంది కదమ్మా. మనం కొనేది రాయిని" అన్నాడు. ఆ ఆదివారం గుంతకల్లు ఇంటికి వెళ్ళే బదులు హిందూపురంలో ఎస్టీడీ బూతులో కూర్చున్నాను. మేడమ్ నంబరు తిప్పడానికి నాకు గంట పట్టింది. మాట్లాడడానికి మాత్రం ఎంత కావాలో అంత తీసుకున్నాను. రెండు గాట్లు, నాలుగు దినాలు, బంతి రేకు, అన్నీ చెప్పాను. మేడమ్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. "పోయిన సారి ఆయన ఇదంతా చెప్పాడా?" అని చివర అడిగారు. చెప్పాడన్నాను.

అమావాస్య పొద్దున ముందు గుంత ఖాళీగా ఉంది. గుట్ట వెనక నుంచి ఉలి చప్పుళ్ళు వస్తున్నాయి. మేడమ్ పిలిపించిన ప్రభుత్వ అధికారి, పోలీసుల జీపు దారి తప్పి అరగంట వెనక పడింది. మేము ముందే చేరుకున్నాం. కొలిమి పొగ పైకి లేస్తోంది. మేస్త్రి ఇనుప తట్ట మోసుకుని వస్తూ మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏం మేడం, అమాస పూట వచ్చినారే."

"ఈ ఉలులు ఎవరివి?" అని మేడమ్ అడిగారు. నేను తెలుగులో అడిగాను.

"పాతవి. మూలన పడినవి."

తాత తట్టలోంచి ఒకటి తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. "పాతదైతే తుప్పుండల్ల కదప్పా. దీని మొనకు రాతి పిండి ఇంగా తడిగా ఉండాది. ఇంతసేపూ కొట్టి ఇచ్చినారు."

నేను ఆ మాట ఇంగ్లీషులో పూర్తి చేసేలోపే మేస్త్రి తాత ఛాతీ మీద తన్నాడు. తాత కొలిమిలోకి పడ్డాడు. నిప్పులు చెదిరాయి. వీపు కాలిన వాసన వచ్చింది. మేడమ్ డ్రైవరు ఆయన్ను బయటికి లాగాడు. మేస్త్రి అక్కడ పడున్న ఇనుప గొలుసు తీసుకుని డ్రైవరును ముఖం మీద, తాతను మెడ మీద కొట్టాడు. తాత నేల మీద నుంచే చెబుతున్నాడు, "ఆడమనిషి ఉండాది, నార చుట్టిన ఉలి, చెప్పు పాపా." నేను చెబుతున్నాను. "మూల పగిలేదుండాది, చెప్పు." చెబుతున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఏయ్ అద్దాలదానా, నోరు మూసుకుంటావా, ల్యాదా? ఆ గుట్ట ఎనక రాళ్ళ కుప్ప కింద ఇంగొకరికి జాగా ఉండాది."

అంతకు ముందైతే 'నన్ను బెదిరిస్తున్నాడు' అని ఊరుకునేదాన్ని. ఆ రోజు ప్రతి ముక్కా వరసగా ఇంగ్లీషులో చెప్పాను: "అద్దాలు పెట్టుకున్నదానా, నోరు మూసుకో అంటున్నాడు. గుట్ట వెనక రాళ్ళ కుప్ప కింద ఇంకొకరికి చోటు ఉందంటున్నాడు."

మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇంకొకరికా? మొదటివాళ్ళెవరో అడుగు."

అడిగాను. మేస్త్రి చేతిలోని గొలుసు ఆగిపోయింది. అదే సమయంలో కింద మలుపు దగ్గర జీపు చప్పుడు వినిపించింది.

రాళ్ళ కుప్ప తీయడానికి సాయంత్రం దాకా పట్టింది. అక్కడ చూసినదాన్ని నేను రాయలేను. కాళ్ళకు తాడు ఇంకా ఉంది.

పదమూడు మందినీ కొలిమి పందిరి కిందికి తెచ్చి కూర్చోబెట్టారు. మేడమ్ హిందీ వాళ్ళకు కొంత అర్థమైంది. తాతకు వాళ్ళ మాట రాదు. కాలిన వీపు మీద తడిగుడ్డ వేసుకుని, ఒక్కొక్కరి అరచెయ్యీ తిప్పి చూసి, ఎవరి ఉలి వారికి ఇచ్చాడు. ఒక్కటీ తప్పు పోలేదు. నార చుట్టిన ఉలి అందుకున్న ఆమె ఆయన కట్టు కట్టిన చేతిని చాలాసేపు వదల్లేదు. మూడు గాట్ల ఉలి ఎవరికివ్వాలో అడిగితే వాళ్ళు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. అతను దారిలో వేరే ఊళ్ళో లారీ ఎక్కాడు. అతనిది ఏ ఊరో వాళ్ళకు తెలియదు. తాము పెట్టిన ముద్దు పేరు ఒక్కటే తెలుసు.

మేస్త్రి జైలుకు వెళ్ళాడు. కంట్రాక్టరు బెయిలు మీద తిరిగొచ్చాడు. కంపెనీ ఆ క్వారీ రాయి మానేసింది, క్వారీ మూతపడింది. తాత నలిగిన రెండు వేళ్ళూ కుళ్ళిపోతే హిందూపురం ఆసుపత్రిలో తీసేశారు. ఆయన సొంత ఊరు వెళ్ళి రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుంటే, క్వారీలో కూలి పోగొట్టుకున్న ఊరివాళ్ళు ఒక రోజు వచ్చి తిత్తి తోలును కత్తితో నిలువునా చీల్చారు. రాయి విసిరి నుదురు పగలగొట్టారు. నేను వెళ్ళేసరికి తల కట్టుతో కూర్చుని తోలు కుట్టుకుంటున్నాడు.

"ఎవరు చేశారు తాతా?"

"చీల్చినోడే పొద్దున గునపం తెచ్చినాడు, పదును పెట్టియ్యమని."

"పెట్టావా?"

"తిత్తి కుట్టినాక రారా అని పంపినా. ఎట్ల పెట్టేది, వాడే చీల్చె కదా!" అని, నొప్పిగా ఉన్నా గట్టిగా నవ్వాడు. ఆ తరువాత ఆ గునపానికి పదును పెట్టాడని నాకు తెలుసు. వాళ్ళ మీద కోపం లేదా అంటే, "ఆకలి మింద ఏం కోపం పాపా. వాళ్ళు సాయంత్రమైతే ఇంటికి పోయేటోళ్ళు. ఇంటికి పోయేటోనికి, పోలేనోడు ఒగడుంటాడని తోచదు" అన్నాడు.

మేడమ్ చెప్పగా కంపెనీ తనిఖీ కాగితంలో ఒక కొత్త ప్రశ్న చేరింది. అమావాస్య నాడు క్వారీ కొలిమి వెలిగిందా? మేనేజరు అది చూసి, "ఇది కంపెనీయా, పంచాంగమా?" అని ఎగతాళి చేశాడు. కానీ ఆ ప్రశ్నకు వెలిగిందని జవాబు వచ్చిన క్వారీలు ఆ తరువాత ఇంకో రెండు దొరికాయి. ఒక చోట మా మీద రాళ్ళు వేశారు. ఆ ప్రశ్న నాదని కొందరు అనుకుంటారు. కాదు. అది ఒక ముసలాయన నాకు రెండుసార్లు చెప్పిన మాట. మొదటిసారి నేను దాన్ని కొట్టేశాను.

అమావాస్య తనిఖీలు అయ్యాక తిరుగు దారిలో తాత దగ్గర ఆగేదాన్ని. నా సంచిలో పుస్తకం లాగి, తిరగేసి పట్టుకుని, "ఇంత లావుండాదే, దీన్ని కూడా తగ్గిస్తావా?" అనేవాడు. మొదటిసారి ఆగిన రోజు ఆయన కొలిమి మండుతోంది. నిప్పుల్లో ఒకే ఒక ఉలి ఉంది, మూడు గాట్లది.

"తాతా, అమాస నాడు ముట్టించకూడదంటివే?"

"ముట్టించకూడదు."

"మరి?"

ఎర్రగా కాలిన మొనను సుత్తితో సాగగొట్టి, నీళ్ళలో ముంచాడు. ఆవిరి తగ్గాక అన్నాడు, "వాని వాళ్ళు ఎవురన్నా ఎతుక్కుంటా వచ్చి అడిగితే, మొద్దుబారింది ఇయ్యల్లనా పాపా?"

ఎవరూ రాలేదు. అమావాస్యలు వచ్చాయి. నా తప్పు గురించి నేను క్షమించమని అడగబోయిన ప్రతిసారీ ఆయన బూడిదలో శెనక్కాయలు వెతకడం మొదలుపెట్టేవాడు. నేను అడగలేకపోయాను.

బస్టాండులో తాత ఊరి బస్సు దొరికి అక్కడికి చేరేసరికి మూడు గంటలు పట్టింది. తాతను ఊరి బయట పూడ్చారు. గుర్తుకు ఏ రాయీ లేదు. కొలిమి చల్లారి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గోడ మేకుకు కట్టుతీగతో ఆ ఉలి వేలాడుతోంది.

పదును పెట్టిన ప్రతిసారీ ఉలి కొంచెం అరుగుతుంది. తాత చేతికి వచ్చినప్పుడు అది జానెడు పైన ఉండేది. ఇప్పుడు నా చూపుడు వేలంత ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క రాయిని కూడా కొట్టలేదు. మొన జరిగి జరిగి మూడు గాట్ల దగ్గరకు వచ్చింది. ఇంకో నాలుగు అమావాస్యలు పదును పెట్టి ఉంటే గాట్లు కూడా పోయేవి. చితికిన తల ఇంకా ఎడమ పక్కకే వంగి ఉంది. మొనను వేలితో తాకి చూశాను. నెత్తురు చుక్క వచ్చింది.

మళ్ళీ మేకుకే తగిలించాను. అది కాసేపు అటూ ఇటూ ఊగి, మొన కిందికి పెట్టి ఆగింది.